వెల్‌నెస్ వీక్ పెట్టారు సరే, పని సంగతేంటి? ఆఫీస్ స్ట్రెస్ అసలు ఎక్కడ పుడుతుంది

ప్రతి ఏడాది అక్టోబర్ 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, దగ్గరపడగానే మన ఐటీ ఆఫీసుల్లో మెయిల్స్ మొదలవుతాయి, వెల్‌నెస్ వీక్ అని, లంచ్ టైమ్‌లో యోగా అని, సైకాలజిస్ట్‌తో వెబినార్ అని. పెట్టేవాళ్ళ ఉద్దేశం చెడ్డదని నేను అస్సలు అనను, హెచ్‌ఆర్‌లో నిజంగా మనుషుల గురించి ఆలోచించేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆ వెబినార్ నడుస్తుంటే వింటున్నవాళ్ళలో చాలామంది పక్క విండోలో టికెట్లు, అంటే తమకి వచ్చిన పనులు, క్లోజ్ చేసుకుంటూ ఉంటారు, ఎందుకంటే ఆ గంట కోసం ఎవరి డెడ్‌లైనూ వెనక్కి జరగలేదు. ఆ గంట పని మళ్ళీ రాత్రి కూర్చుని చేయాల్సిందే.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఒకటే. ఆఫీస్ స్ట్రెస్‌లో పెద్ద భాగం పనిని ఎలా పంచారు, నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఎన్ని గంటలు లెక్కలోకి వస్తున్నాయి, చేసినదానికి తగ్గ గుర్తింపు వస్తోందా అన్న దగ్గర పుడుతుంది. అక్కడ ఏమీ మార్చకుండా మనిషిని మాత్రమే "కొంచెం స్ట్రాంగ్‌గా ఉండు" అంటే ఏం తగ్గదు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, దీని మీద యాభై ఏళ్ళకి పైగా రీసెర్చ్ ఉంది, అదేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో క్లుప్తంగా. ప్రెజర్ వచ్చినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తంలోకి షుగర్ ఎక్కువ వదులుతుంది, అప్పటికప్పుడు పని అవ్వడానికి ఇది కావాల్సిందే. రిలీజ్ రోజు కాస్త టెన్షన్ పడటం జబ్బేమీ కాదు. రిలీజ్ అయ్యాక మళ్ళీ మామూలు స్థితికి రావాలి, అక్కడే తేడా కొడుతుంది, ఒక రిలీజ్ అవ్వకముందే ఇంకోటి, నిద్రపోయే టైమ్‌కి ఫోన్, ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం గుర్తొచ్చి కడుపులో బిగుసుకుపోవడం, ఇలా నెలల తరబడి నడిస్తే ఒళ్ళు మళ్ళీ మామూలు స్థితికి దిగడం మర్చిపోతుంది. నిద్ర చెడుతుంది, బీపీ నిలబడిపోతుంది, చిన్నదానికే ఇంట్లోవాళ్ళ మీద అరవడం మొదలవుతుంది.

దీని చివరి దశకి బర్నౌట్ అని పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ, 2019లో తన జబ్బుల పట్టిక కొత్త ఎడిషన్‌లో దీన్ని చేర్చింది, కానీ జబ్బుగా చేర్చలేదు, ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితి అని రాసింది, పనిచేసే చోట ఎప్పటినుంచో ఉండి ఎవరూ సరిచేయని స్ట్రెస్ వల్ల వచ్చేది అని. లక్షణాలు మూడు చెప్పింది, ఒంట్లో శక్తి పూర్తిగా అయిపోయినట్టు ఉండటం, చేసే పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావట్లేదు అనిపించడం. రెండోది మనవాళ్ళలో చాలా త్వరగా కనిపిస్తుంది, మొన్నటిదాకా డిజైన్ గురించి గంటలు గంటలు వాదించినవాడు ఇప్పుడు మీటింగ్‌లో "ఏదో ఒకటి చేసేద్దాం అన్నా, మీరు చెప్పండి" అని ఊరుకుంటాడు. చాలామంది లీడ్స్ దీన్ని ఇంట్రెస్ట్ తగ్గిపోవడం అనుకుని రేటింగ్ తగ్గిస్తారు, అది ఇంకా కిందికి తోస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కువ పని ఉన్నవాళ్ళందరికీ స్ట్రెస్ ఒకేలా ఎందుకు రాదు? అమెరికన్ సోషియాలజిస్ట్ రాబర్ట్ కరాసెక్ 1979లో దీనికి ఒక సింపుల్ వివరణ ఇచ్చాడు, పని బరువు ఎంత అన్నది ఒక లెక్క, ఆ పని మీద మన చెయ్యి ఎంత, అంటే ఎంతవరకు మనమే నిర్ణయించుకోగలం అన్నది ఇంకో లెక్క, రెండూ కలిపి చూడాలి అన్నాడు. పెళ్ళి వంటల దగ్గర చూడండి, వంట మేస్త్రి మీద ఐదొందల మంది భోజనం బాధ్యత ఉంటుంది, కానీ ఏది ముందు పొయ్యెక్కాలి, ఎవరు ఏం తరగాలి అన్నది ఆయనే చెప్తాడు, కింద పనిచేసే కుర్రాడికి అదే పొగ, అదే వేడి, పైగా ప్రతి పది నిమిషాలకీ ఎవరో ఒకరు వచ్చి ఇది వదిలేసి అది చెయ్యి అంటారు. బరువు ఎక్కువ, చెయ్యి తక్కువ, ఈ రెండూ కలిసిన చోటే మనిషి ఎక్కువ నలుగుతాడు.

ఇది గుండె దాకా వెళ్తుందని లండన్‌లో తేలింది. అక్కడ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ స్టడీ అని ఒకటుంది, పరిశోధకుడు మైఖేల్ మార్మట్ పేరు దీనితోనే బాగా వినిపిస్తుంది. పెద్ద పెద్ద నిర్ణయాలు తీసుకునే పై ఆఫీసర్లకే గుండెపోట్లు ఎక్కువ వస్తాయని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు, లెక్కలు తీస్తే పూర్తిగా తారుమారుగా వచ్చింది, అట్టడుగు గ్రేడ్‌లో ఉన్న మెసెంజర్లు, డోర్‌కీపర్లు లాంటివాళ్ళలో గుండె జబ్బు చావులు పై గ్రేడ్‌తో పోలిస్తే మూడు రెట్లకి పైగా ఉన్నాయి. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో స్టడీలో చూస్తే, చేసే పని మీద తమ చెయ్యి లేకపోవడం అన్నది ఈ తేడాలో పెద్ద భాగమే అని తేలింది.

జర్మనీకి చెందిన సోషియాలజిస్ట్ యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ఇంకో ముక్క కలిపాడు, పెట్టిన కష్టానికీ తిరిగి వచ్చేదానికీ పొంతన లేకపోవడం. తిరిగి వచ్చేది అంటే జీతం మాత్రమే కాదు, గౌరవం, ప్రమోషన్, రేపు ఉద్యోగం ఉంటుందన్న భరోసా కూడా. అప్రైజల్ సీజన్‌లో క్యాంటీన్‌లో కూర్చుంటే ఈ థియరీ ఎవరూ చదవకుండానే అందరికీ అర్థమవుతుంది.

ఇప్పుడు ఈ రెండు లెక్కలూ మన హైదరాబాద్ ఐటీకి, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడకి వేసి చూద్దాం. బయటివాళ్ళకి కనిపించేది ఏసీ, జీతం, ఆఫీస్ క్యాబ్. లోపల చూస్తే చాలామంది తమ టైమ్ మీద తమకే చెయ్యి లేకుండా పనిచేస్తున్నారు. కాలిఫోర్నియాలో క్లయింట్ ఉదయం 9కి కాల్ పెడితే మనకి రాత్రి 9:30. నవంబర్‌లో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే అదే కాల్ మనకి 10:30కి జరుగుతుంది, మళ్ళీ మార్చి దాకా అంతే. ఆ ఒక్క గంట చిన్నపిల్లలున్న ఇంట్లో ఎంత తేడా చేస్తుందో పడ్డవాళ్ళకే తెలుసు, పిల్లల్ని పడుకోబెట్టి కాల్‌కి కూర్చోవచ్చు అనుకున్నది కాస్తా, కాల్ అయ్యి పడుకునేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున్నే మళ్ళీ టిఫిన్ బాక్సులు. ఇక్కడ ఆడవాళ్ళ మీద బరువు రెండింతలు. ప్రభుత్వం చేసిన 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే 15 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 305 నిమిషాలు పెడుతున్నారని వచ్చింది, అంటే ఐదు గంటలకి పైనే. ఆఫీసులో వెల్‌నెస్ గురించి మాట్లాడేటప్పుడు ఈ ఐదు గంటలు ఎవరి లెక్కలోనూ ఉండవు.

ఇక సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఆన్‌కాల్, అంటే సిస్టమ్‌లో ఏదైనా ఆగిపోతే ఏ టైమ్‌లోనైనా లేచి చూడాల్సిన వంతు. తెల్లవారుజామున 2:20కి ఫోన్ మోగుతుంది, ప్రొడక్షన్‌లో పేమెంట్లు ఆగిపోయాయి, పీ1, అంటే అన్నిటికంటే అర్జెంట్ టికెట్. పక్కన పడుకున్నవాళ్ళు లేవకూడదని హాల్లోకి వచ్చి, లైట్ వేయకుండా లాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కనెక్ట్ అయ్యేదాకా ఓటీపీ కోసం చూస్తూ, అప్పటికే బ్రిడ్జ్ కాల్‌లో పదిహేను మంది ఉంటారు, వాళ్ళలో లాగ్స్ చూసేది ఇద్దరే, మిగతావాళ్ళు పది నిమిషాలకోసారి "ఎనీ అప్‌డేట్?" అని అడుగుతారు. నాలుగున్నరకి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే అన్నీ కదిలాయి. పడుకుంటే నిద్ర పట్టదు, ఎందుకంటే ఒంట్లో అడ్రినలిన్ ఇంకా దిగలేదు. పొద్దున 9:30కి స్టాండప్ మీటింగ్, కెమెరా ఆన్. ఆ స్టాండప్‌కి రావద్దు, మధ్యాహ్నం లాగిన్ అవ్వు అని చెప్పే టీములు ఉన్నాయి, ఉన్నచోట మనుషులు ఏళ్ళ తరబడి ఉంటారు. చెప్పని చోట ఆన్‌కాల్ వారం దగ్గరకొస్తుంటేనే జనానికి కడుపునొప్పి మొదలవుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సమస్య, ఎవరూ పెద్దగా మాట్లాడనిది, టైమ్‌షీట్. చాలా ప్రాజెక్టుల్లో క్లయింట్‌కి బిల్ చేసేది రోజుకి 8 గంటలు, కాబట్టి షీట్‌లో 8 మాత్రమే వేయాలి, నువ్వు 11 గంటలు చేసినా సరే. ఎక్కువ వేస్తే అప్రూవల్ రాదు, లేదంటే "నీకెందుకు అంత టైమ్ పట్టింది" అని ప్రశ్న వస్తుంది. దాంతో అందరూ 8 వేసేస్తారు. తర్వాత ఏం జరుగుతుందో చూడండి, తర్వాతి ప్రాజెక్ట్‌కి ఎస్టిమేట్ వేసేవాళ్ళు పాత షీట్లు తీసి, ఈ పని ఐదుగురు నాలుగు నెలల్లో చేశారు, ఈసారి ఇంకాస్త తక్కువలో చేయొచ్చు అని కోట్ చేస్తారు. దాచిన ఆ మూడు గంటలు ఇప్పుడు కొత్త ప్రాజెక్ట్ పునాదిలోకి వెళ్ళిపోయాయి. ఇలా ప్రతి విడతలో ఎస్టిమేట్ కొంచెం కొంచెం బిగుస్తూ వస్తుంది, టీమ్‌కేమో "మనం స్లో అయిపోయాం" అనిపిస్తుంది, ఎవరికి వాళ్ళు తమలోనే లోపం ఉందనుకుంటారు. ఆ లోపం అబద్ధపు లెక్కలో ఉంది. కౌన్సెలింగ్‌కి వెళ్ళినా ఈ లెక్క సరికాదు.

దీని మీద బెంచ్ (ప్రాజెక్ట్ లేకుండా ఖాళీగా ఉండటం) భయం, లేఆఫ్ భయం, 90 రోజుల నోటీస్ పీరియడ్. బయటికి వెళ్దామంటే కొత్త కంపెనీ మూడు నెలలు ఆగదు, ఉందామంటే ఊపిరాడదు. వీటితో పాటు హోమ్ లోన్ ఈఎంఐ. చెయ్యి లేకపోవడం అని కరాసెక్ చెప్పినది ఒక్క పని దగ్గరే ఆగిపోదు, ఉద్యోగం వదిలే స్వేచ్ఛ దాకా వస్తుంది.

గంటల గురించి మాట్లాడాలంటే ఈ మధ్య జరిగిన గొడవ గుర్తు చేయాలి. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది. వాళ్ళిద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్ళే, ఆ మాట కాదనను. కానీ వాళ్ళకి వాళ్ళ పని మీద ఉన్న చెయ్యీ, టికెట్లు క్లోజ్ చేసే కుర్రాడికి ఉన్న చెయ్యీ ఒకటి కాదు, వైట్‌హాల్ లెక్క చెప్పింది అదే. ఇక ఆరోగ్యం సంగతి, డబ్ల్యూహెచ్‌ఓ, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్ఓ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే, పక్షవాతం రిస్క్ 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో చనిపోయే రిస్క్ 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద 7 లక్షల 45 వేల చావులు ఎక్కువ గంటల పనికి ముడిపడి ఉన్నాయని లెక్క వేశారు. 90 గంటల గొడవ నడుస్తున్న ఆ నెలలోనే వచ్చిన మన ఎకనామిక్ సర్వే కూడా రోజుకి 12 గంటలు, ఆపైన డెస్క్ దగ్గర గడిపేవాళ్ళ మానసిక స్థితి బాగా దెబ్బతింటోందనే రాసింది.

చట్టం ఏమంటోంది? తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఇచ్చిన జీవోతో కమర్షియల్ సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 గంటలు దాటకూడదు, దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి, రెస్ట్‌తో కలిపి రోజుకి 12 గంటలు మించకూడదు, ఆరు గంటలు దాటి చేస్తే అరగంట రెస్ట్ ఉండాలి. చాలామంది 10 గంటలు అన్న హెడ్‌లైన్ చూసి అక్కడే ఆగిపోయారు, 48 అన్నది చూడలేదు. ఐదు రోజులు పదేసి గంటలు చేస్తే 50 అవుతుంది, ఆ రెండు గంటలు ఓవర్‌టైమ్‌లోకి రావాలి. టైమ్‌షీట్‌లో 8 అని ఉంటే ఇక ఏ ఓవర్‌టైమ్ అడుగుతారు చెప్పండి, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. పని గంటలు అయ్యాక ఫోన్, మెయిల్ చూడకపోయినా ఏమీ అనకూడదనే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి ఉంది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి హక్కు కోసం ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టారు, చట్టం కాలేదు.

మరి యోగా, మెడిటేషన్ యాప్‌లు వేస్టా అంటే, ఇష్టంగా చేసుకునేవాళ్ళకి మంచివే. కంపెనీ ఇచ్చే మందుగా ఎంత పనిచేస్తాయి అన్నది వేరే ప్రశ్న. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46 వేల మందికి పైగా ఉద్యోగుల సర్వే డేటా చూశాడు, యాప్‌లు, మైండ్‌ఫుల్‌నెస్, స్ట్రెస్ ట్రైనింగ్ లాంటివి తీసుకున్నవాళ్ళూ తీసుకోనివాళ్ళూ ఒకేలా ఉన్నారు, మనసు బాగుపడిన గుర్తు కనపడలేదు. ఇది ఒక టైమ్‌లో తీసిన సర్వే కాబట్టి దీంతోనే అన్నీ తేలిపోయాయనను, కానీ పైన చెప్పిన కారణాలతో కలిపి చూస్తే ఆశ్చర్యమేమీ లేదు, రాత్రి 10:30 కాల్ 10:30కే ఉంది మరి. డబ్ల్యూహెచ్‌ఓ 2022లో ఇచ్చిన గైడ్‌లైన్స్ కూడా పని పరిస్థితుల్ని సంస్థ స్థాయిలో మార్చడం, మేనేజర్లకి ట్రైనింగ్ ఇవ్వడం గురించి చెప్పాయి.

పని మార్చితే నిజంగా తేడా వస్తుందా? బ్రిటన్‌లో 2022లో 61 కంపెనీలు, దాదాపు 2,900 మంది ఉద్యోగులతో ఆరు నెలలు జీతం తగ్గించకుండా పని గంటలు తగ్గించి చూశారు. ఉద్యోగుల్లో 71 శాతం మందికి బర్నౌట్ తగ్గింది, 56 కంపెనీలు ట్రయల్ అయ్యాక కూడా కొనసాగించాయి. అవి తామంతట తాము ముందుకొచ్చిన కంపెనీలు అన్నది మర్చిపోకూడదు. అక్కడ పని జరిగిన తీరు నాకు ముఖ్యం, అనవసరమైన మీటింగులు తీసేశారు, ఎవరు ఏం చేయాలో ముందే తేల్చుకున్నారు. మన సర్వీస్ కంపెనీలు రేపే నాలుగు రోజుల వారం పెట్టేస్తాయని నేను అనుకోను, కానీ మీటింగులు తగ్గించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

లీడ్ స్థాయిలో చేయగలిగినవి చాలా ఉన్నాయి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. లేట్ కాల్‌కి టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టకుండా వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకోవచ్చు. రాత్రి పీ1 చేసినవాళ్ళకి మర్నాడు సగం రోజు, అడగకుండానే, రూల్‌గా. శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టకపోవడం. క్లయింట్ కొత్త పని తెచ్చినప్పుడు "చేస్తాం, కానీ దీని బదులు ఏది ఆపమంటారు" అని అడగడం, ఈ ఒక్క ప్రశ్న అడిగే లీడ్ కింద పనిచేయడం అదృష్టం. ఇంకా, మాట్లాడే తీరు. టీమ్‌లో ఒకమ్మాయి నాలుగు రోజులుగా డల్‌గా ఉంటే "ఏంటి, పెర్ఫార్మెన్స్ తగ్గింది" అని మొదలుపెట్టకుండా ఇలా మొదలుపెట్టొచ్చు.

"ఈ వారం నీ దగ్గర ఏమేం ఉన్నాయి, ఒకసారి చెప్తావా?"

"మైగ్రేషన్ ఉందండి, రెండు డిఫెక్టులు, పైగా కొత్తవాళ్ళకి పని నేర్పే కేటీ కూడా ఇస్తున్నా."

"కేటీ వచ్చే వారం పెట్టుకుందాం, డిఫెక్టుల్లో ఒకటి నేను చూస్తా. ఇంకేమైనా ఉందా?"

"లేదండి... అంటే, నాన్నగారికి ఒంట్లో బాలేదు, రాత్రిళ్ళు హాస్పిటల్‌లో ఉంటున్నా."

రెండో ప్రశ్న దాకా వెళ్తే గానీ అసలు సంగతి బయటికి రాదు. పని బరువు దించాకే మనిషి నోరు విప్పుతుంది, ముందే "నీ ప్రాబ్లం ఏంటి" అంటే "ఏం లేదు సార్, ఓకే" అంటుంది.

ఐటీ బయట ఇది ఇంకా కష్టం, హాస్పిటల్ నర్సులకి, ఆర్టీసీ డ్రైవర్లకి, డెలివరీ చేసే పిల్లలకి చెయ్యి ఇంకా తక్కువ, వెల్‌నెస్ మెయిల్ కూడా రాదు. వాళ్ళ గురించి విడిగా రాయాల్సినంత ఉంది.

ఇక మన వరకు మనం. కంపెనీ మారేదాకా ఒళ్ళు ఆగదు కాబట్టి కొన్ని గుర్తులు పట్టుకోవాలి. రెండు వారాలకి పైగా నిద్ర సరిగ్గా లేకపోయినా, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోయినా, ఆఫీస్ దగ్గరకొస్తుంటే గుండె దడ వచ్చినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, డాక్టర్‌ని కలవాలి, దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, 14416, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. ఆఫీస్ హెల్ప్‌లైన్‌కి చేస్తే హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుందేమో అని భయపడేవాళ్ళు దీనికి చేయొచ్చు, కంపెనీతో దీనికి సంబంధం లేదు. అలాగే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ కవరేజ్ ఇవ్వాలి, మీ గ్రూప్ పాలసీ పేపర్ తీసి సైకియాట్రీ ఓపీ, అడ్మిషన్ ఎంతవరకు ఉన్నాయో ఒకసారి చూసుకోండి, ఓపీ లేకపోతే రెన్యువల్‌కి ముందే హెచ్‌ఆర్‌ని అడగండి, పదిమంది కలిసి అడిగితే పెట్టించిన చోట్లు ఉన్నాయి.

ఇంకొకటి, ఒక నెల పాటు మీ అసలు గంటలు ఎక్కడో ఒక చోట రాసుకోండి, లేట్ కాల్స్, ఆదివారం చూసిన టికెట్లు అన్నీ కలిపి. కంపెనీ షీట్ ఎలా ఉన్నా ఇది మీ దగ్గర ఉంటుంది, తర్వాతి ఎస్టిమేట్ మీటింగ్‌లో లీడ్ ముందు పెట్టడానికి, అప్రైజల్‌లో మాట్లాడటానికి, డాక్టర్ "రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తారు" అని అడిగితే సరిగ్గా చెప్పడానికి పనికొస్తుంది. టీమ్‌లో నలుగురు రాస్తే ఇంకా మంచిది, ఒక్కరి గంటలైతే "నువ్వు స్లో" అంటారు, నలుగురివీ ఒకేలా ఉంటే ఎస్టిమేట్ గురించే మాట్లాడాల్సి వస్తుంది.